వేగం తగ్గితేనే వనం కనిపిస్తుంది

* నల్లమల దారిలో చూసేవారు కొందరు... దాటేవారు ఎందరో
* సాయంత్రపు తొందరే వన్యప్రాణులకు గండం
* ఎత్తైన వంతెన వచ్చినా పాత దారిపై స్పష్టత అవసరం

మన్ననూర్ (నాగర్‌కర్నూల్ జిల్లా): మన్ననూర్ తనిఖీ కేంద్రం దాటగానే హైదరాబాద్-శ్రీశైలం రహదారి స్వరూపమే మారిపోతుంది. అంతవరకు ఇరువైపులా కనిపించిన చేలు, హోటళ్లు, ప్రకటనల బోర్డులు వెనుకబడిపోతాయి. చెట్ల నీడ దారిని కమ్ముకుంటుంది. శ్రీశైలం వెళ్లే యాత్రికుల్లో చాలామందికి పులులు తిరిగే అడవిని కళ్లారా చూసే అవకాశం ఈ ప్రయాణంలోనే దక్కుతుంది. సఫారీ జీపు ఎక్కకుండానే, కారు కిటికీలోంచో బస్సు కిటికీలోంచో లభించే భాగ్యమిది. ఇది ఎంతకాలం నిలుస్తుందన్నదే ఇప్పటి ప్రశ్న.

ఒకే దారిపై రెండు రకాల ప్రయాణికులు సాగుతున్నారు. అడవిని చూస్తూ వెళ్లాలనుకునేవారు ఒక రకం. ఎంత తొందరగా దాటుదామా అనుకునేవారు మరో రకం. రెండో వర్గం వేగం మొదటి వర్గం ఆనందానికే కాక మూగజీవాల ప్రాణాలకూ ఎసరు పెడుతున్నది. చూడవచ్చినవారిలోనూ కొందరు తెలిసీ తెలియక పెడుతున్న తిండి, పారేస్తున్న చెత్త అడవికి మరో రూపంలో హాని చేస్తున్నాయి. ఇద్దరికీ ఒకటే రహదారి, ఒకటే నిబంధన ఉండటంతో సమస్య ఏటేటా జటిలమవుతున్నది.

రెండు రాష్ట్రాలు... ఒకే అడవి

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. 1983లో అది పులుల సంరక్షణ పథకంలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన జరిగాక కృష్ణానదికి ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగానూ, దక్షిణాన ఉన్న భాగం ఆంధ్రప్రదేశ్‌లో పాత పేరుతోనూ కొనసాగుతున్నాయి. అమ్రాబాద్ విస్తీర్ణం సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు కాగా, నది ఆవలి భాగం సుమారు 3,300 చదరపు కిలోమీటర్లు. పాలనకు రెండు ముక్కలైనా పులికి, దుప్పికి అది ఒకే అడవి.

2022 జాతీయ పులుల గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 పులులు ఉన్నట్లు అంచనా. 2018లో ఈ సంఖ్యలు వరుసగా 48, 26. అంటే నది దక్షిణాన ఉన్న రాష్ట్రంలో పులులు పెరిగాయి, ఉత్తరాన ఉన్న రాష్ట్రంలో తగ్గాయి. ఇందుకు కారణాలు అనేకం. రహదారి ఒక్కటే కారణమనలేము. అయితే పులి సంతతి పెరగాలంటే అలజడి లేని విశాలమైన నెలవు, సమృద్ధిగా దుప్పులు, నీరు కావాలి. అడవిని రెండుగా చీల్చే రద్దీ దారి ఈ మూడింటిపైనా ప్రభావం చూపుతుందనడంలో సందేహం లేదు.

ఏ దిక్కు నుంచి వచ్చినా శ్రీశైలానికి అడవి తగలని దారి లేదు. హైదరాబాద్ వైపు నుంచి మన్ననూర్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా సుమారు 60 కిలోమీటర్లు అడవిలోనే సాగాలి. ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుంచి వచ్చేవారు దోర్నాల నుంచి శిఖరం మీదుగా సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణించాలి. కర్నూలు వైపు వారు ఆత్మకూరు దాటిన తరువాత దోర్నాల చేరేందుకు కూడా అడవి దాటవలసిందే. కనుక దారి మూసివేయడం పరిష్కారం కాదు. దారిని ఎలా వాడుకోవాలన్నదే ఆలోచించవలసిన అంశం.

ఏ కాలానికి ఆ అందం

నల్లమల ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, తిరుమాను, ఏపె, తునికి, వెదురు ఇక్కడి ప్రధాన వృక్షజాతులు. తొలకరి పడిన కొద్ది వారాలకే కొండలన్నీ పచ్చబడతాయి. ఆ అందం కార్తికం వరకూ నిలుస్తుంది. జులై నుంచి సెప్టెంబరు వరకు సఫారీలు మూసివేసినా రహదారిపై ప్రయాణం మాత్రం సాగుతూనే ఉంటుంది. శ్రీశైలం జలాశయం గేట్లు ఎత్తారన్న వార్త వెలువడితే చాలు, ఆదివారాల్లో వాహనాలు డ్యామ్ వరకు బారులు తీరుతాయి.

పచ్చదనం కళ్లకు ఇంపైనదే గాని జంతువులను చూసేందుకు అది అనువైన సమయం కాదు. గడ్డి ఏపుగా పెరిగి, పొదలు దట్టమై పది అడుగుల దూరంలోని దుప్పి కూడా కనిపించదు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఆకు రాలిన తరువాత అడవి తెరుచుకుంటుంది. మోదుగ పూలు ఎర్రగా విరబూస్తాయి. ఎండలు ముదిరేకొద్దీ రేల చెట్లు పసుపు గుత్తులు వేస్తాయి. నీటి వనరులు తగ్గిపోవడంతో పొడదుప్పులు, కణుజులు, అడవిపందులు మిగిలిన కుంటల వద్దకు చేరుతాయి. అదృష్టం ఉంటే ఎలుగుబంటి, రేచుకుక్కల గుంపు, నాలుగు కొమ్ముల కొండగొర్రె కంటపడతాయి. చిరుత, పులి దర్శనం మాత్రం అరుదు.

కనిపించనంత మాత్రాన లేనట్లు కాదు. కొండముచ్చు చెట్టుకొమ్మ పైనుంచి ఆగి ఆగి దగ్గినట్లు అరిచినా, పొడదుప్పి చెవులు నిక్కించి కూత పెట్టినా సమీపంలో పులో చిరుతో కదులుతున్నదని అర్థం. ఇంజను ఆపి, అద్దం దించి, మాటలు కట్టిపెట్టినవారికే ఈ భాష వినిపిస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో, పాటల హోరుతో పోయేవారికి నల్లమల ఒక పచ్చని గోడ మాత్రమే. అయితే ఎక్కడ పడితే అక్కడ ఆగడం నిబంధనలకు విరుద్ధం. అనుమతించిన చోట మాత్రమే ఆగాలి. ఫర్హాబాద్ వ్యూపాయింట్, కృష్ణమ్మ మలుపును చూపే ఆక్టోపస్ వ్యూపాయింట్, మల్లెలతీర్థం జలపాతం ఆ వెసులుబాటు కల్పిస్తున్నాయి.

గేటు వేళ... గుండె దడ

రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అడవి మార్గంలో రాకపోకలను నిలిపివేస్తున్నారు. వన్యప్రాణుల కోసం తీసుకున్న మంచి నిర్ణయమే ఇది. రాత్రివేళ వాహనాల వెలుగుకు కళ్లు బైర్లు కమ్మి జంతువులు దారి మధ్యలోనే నిలిచిపోతాయి. దుప్పులు, కుందేళ్లు మొదలుకొని చిరుతల వరకు ఈ ప్రమాదానికి అతీతం కాదు.

అయితే ఈ నిబంధనకు మరో పార్శ్వం ఉన్నది. గేటు మూసేలోగా దాటాలన్న ఆత్రుతతో సాయంత్రం 6 గంటల తరువాత వాహనాల వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. సరిగ్గా అదే వేళకు ఎండ తగ్గి జంతువులు నీటికి, మేతకు బయలుదేరుతాయి. ఉదయం 6 గంటలకు గేటు ఎత్తగానే జరిగేదీ ఇదే. రాత్రంతా నిలిచిన వాహనాలు ఒకదాని వెనుక ఒకటిగా దూసుకుపోతాయి. అడవి మేల్కొని ఉండే రెండు సంధ్యలూ ఈ విధంగా వాహనాల పరుగుకే అంకితమవుతున్నాయి.

ఈ పరుగు వల్ల ఒరిగేది ఎంత? 60 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దాటితే గంటన్నర పడుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో పోతే 45 నిమిషాలు పడుతుంది. ఘాట్ మలుపుల్లో ఆ వేగం ఎలాగూ సాధ్యం కాదు కనుక ఆచరణలో మిగిలేది అరగంటకు మించదు. ఆ అరగంటకు చెల్లిస్తున్న మూల్యం మాత్రం ఎక్కువ. 80 కిలోమీటర్ల వేగంలో వాహనం సెకనుకు 22 మీటర్లు ముందుకు దూకుతుంది. దుప్పిని చూసి డ్రైవరు బ్రేకుపై కాలు మోపేలోగానే ఆ దూరం గడిచిపోతుంది. ఆపై బ్రేకు పట్టి బండి ఆగడానికి కావలసిన దూరం 40 కిలోమీటర్ల వేగంలో కంటే నాలుగింతలు ఉంటుంది. జంతువును తప్పించబోయి వాహనం చెట్టుకు ఢీకొంటే పోయేది మనుషుల ప్రాణాలే.

శివరాత్రి రోజుల్లో భక్తుల సౌకర్యార్థం రాత్రి నిషేధాన్ని సడలించడం ఆనవాయితీగా వస్తున్నది. అడవిలో నీరు తగ్గి, ఆకు రాలి, నిప్పు భయం మొదలయ్యే కాలమూ అదే. భక్తుల అవసరాన్ని కాదనలేము. కాని ఆ కొద్ది రోజులూ వేగంపై నిఘా రెట్టింపు కావలసి ఉన్నది.

జాలి పేరిట హాని

ఈ దారిలో ప్రయాణికులకు తొలుత కనిపించేవి కోతుల బారులు. కారు ఆగగానే చుట్టుముడతాయి. అరటిపండ్లు, బిస్కెట్లు, మరమరాలు విసిరి పిల్లలకు చూపించి ముచ్చటపడటం పరిపాటి అయింది. పుణ్యమని చేసే ఈ పని కోతికి శాపమవుతున్నది. సులువుగా దొరికే తిండికి అలవాటుపడిన కోతి అడవిలోకి వెళ్లదు. దారి పక్కనే పిల్లలను కని, అక్కడే పెంచుతుంది. విసిరిన పండు కోసం రోడ్డు మీదికి ఉరికి చక్రాల కింద పడుతుంది. తిండి పెట్టనివారిపై తిరగబడి కరుస్తుంది.

నష్టం అంతటితో ఆగదు. నేరేడు, తునికి, మేడి పండ్లు తిని గింజలను అడవి అంతటా వెదజల్లేది కోతులే. అవి రోడ్డుకు చేరితే ఆ పని చేసేవారు కరవవుతారు. చెట్టు మొలవక దుప్పికి మేత తగ్గుతుంది. దుప్పి తగ్గితే పులి నిలవదు. ఒక బిస్కెట్ పొట్లం వెనుక ఇంత కథ ఉన్నది.

ప్లాస్టిక్ సంచుల వ్యవహారమూ ఇంతే. తిని పారేసిన పొట్లాల్లో మిగిలిన ఉప్పు రుచికి దుప్పులు వాటిని సంచులతో సహా మింగుతాయి. అమ్రాబాద్ పరిధిలో 2024 జులై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధం విధించారు. నిషేధం కాగితంపై ఉంటే చాలదు. గేటు వద్ద సంచి తీసుకునేవారికి బదులుగా గుడ్డసంచి, నీళ్లు నింపుకునే ఏర్పాటు చూపితేనే అది నిలుస్తుంది. వేసవిలో ఆర్పకుండా పారేసే బీడీ, సిగరెట్ ముక్కలైతే మరీ ప్రమాదకరం. ఎండిన బోద గడ్డికి అంటుకున్న నిప్పు గాలికి కొండలెక్కితే ఆర్పడం సిబ్బంది తరం కాదు.

పొరుగు రాష్ట్రాల పాఠం

కర్ణాటకలోని బందీపూర్ జాతీయ ఉద్యానవనంలో ఇదే సమస్య తలెత్తింది. మైసూరు నుంచి ఊటీకి, కేరళలోని వయనాడుకు వెళ్లే రహదారులు ఆ అడవి గుండానే సాగుతాయి. వన్యప్రాణుల మరణాల నేపథ్యంలో 2009లో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు రాకపోకలను నిషేధించారు. 2010లో కర్ణాటక హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. కేరళ నుంచి ఎన్ని ఒత్తిళ్లు వచ్చినా నిషేధం సడలలేదు. అయితే అక్కడ చుట్టు తిరిగి వెళ్లే మరో రహదారి ఉన్నది. శ్రీశైలానికి ఆ వీలు లేదన్నదే ప్రధానమైన తేడా.

మహారాష్ట్ర మరో బాట పట్టింది. హైదరాబాద్, ఆదిలాబాద్ మీదుగా ఉత్తరాదికి సాగే 44వ నంబరు జాతీయ రహదారి నాగ్‌పూర్ దాటాక పెంచ్ పులుల అభయారణ్యం పక్కగా వెళుతుంది. దానిని నాలుగు వరుసలుగా విస్తరించినప్పుడు వన్యప్రాణుల కోసం 9 చోట్ల వంతెనలు, కింది దారులు నిర్మించారు. వీటిలో పెద్దదాని పొడవు 750 మీటర్లు. వాహనాలు పైన, జంతువులు కింద. 2019లో కెమెరాలతో జరిపిన పరిశీలనలో పులులు సహా 18 జాతుల జంతువులు ఆ కింది దారులను వాడుకుంటున్నట్లు తేలింది. సరైన చోట, సరైన వెడల్పుతో కట్టి ఇస్తే అడవి జంతువు దానిని దారిగా స్వీకరిస్తుందనడానికి ఇది నిదర్శనం.

ఎత్తైన వంతెన... మిగిలిన ప్రశ్నలు

ఇదే తరహాలో మన్ననూర్ నుంచి శ్రీశైలం వైపు అడవిలో ఎత్తైన వంతెన మార్గం నిర్మించాలన్న ప్రతిపాదన కొన్నేళ్లుగా ఉన్నది. 2025లోనూ ఇది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య చర్చకు వచ్చింది. అంచనా వ్యయం 7,000 కోట్ల రూపాయల పైమాటే. పూర్తయితే రాత్రి నిషేధం అవసరం ఉండదని, ప్రయాణ కాలం తగ్గుతుందని దీనిని సమర్థించేవారి వాదన. పులుల అభయారణ్యం లోపలి భూమిని ఇతర అవసరాలకు మళ్లించాలంటే జాతీయ వన్యప్రాణి మండలి ఆమోదం, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ సలహా తప్పనిసరి.

వంతెన వల్ల జంతువుల రాకపోకలకు అడ్డు తొలగుతుందనడంలో నిజం ఉన్నది. కాని స్తంభాలు లేపేందుకు ఏళ్ల తరబడి అడవి నడిబొడ్డున యంత్రాలు, పేలుళ్లు, కూలీల శిబిరాలు తప్పవు. ఆ కాలమంతా పులి ఎక్కడికి పోవాలన్నది మొదటి ప్రశ్న. వంతెన పూర్తయ్యాక కిందనున్న పాత దారిని ఏం చేస్తారన్నది రెండోది. పైన ఒక దారి, కింద ఒక దారి రెండూ రద్దీగానే నడిస్తే వేల కోట్లు వెచ్చించి సాధించేది శూన్యం. పాత దారిని లోపలి గ్రామాల వారికి, ఆర్టీసీ బస్సులకు, నెమ్మదిగా అడవి చూడదలచిన వారికి మాత్రమే పరిమితం చేస్తామని ముందే కాగితంపై రాసుకోవాలి. దాటేవారిని, చూసేవారిని వేరుచేయడానికి దొరికే అవకాశం అదొక్కటే.

వంతెన ఎప్పటికి వస్తుందో తెలియదు. అంతవరకు చేతులు కట్టుకు కూర్చోవలసిన పనిలేదు.

అడవి బిడ్డలకు దక్కేదేమిటి?

ఈ దారి కేవలం యాత్రికులది కాదు. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట వాసులకు, చుట్టుపక్కల చెంచు పెంటలకు ఆస్పత్రి, సంత, కళాశాల అన్నింటికీ ఇదే ఆధారం. కాన్పు నొప్పులు, పాముకాటు గడియారం చూసి రావు. రాత్రివేళ అంబులెన్సు ఏ గేటు వద్దా నిమిషం కూడా ఆగకుండా చూడటం అధికారుల బాధ్యత. అడవిని కాపాడే నిబంధన అడవిలోని మనిషికి ఉరితాడు కాకూడదు.

చెంచులకు తెలిసినంతగా నల్లమల మరెవరికీ తెలియదు. పులి అడుగుజాడ చూసి అది ఆడదో మగదో, ఏ వేళకు వెళ్లిందో చెప్పగల నేర్పు వారిది. అటవీశాఖ శిబిరాల్లో కాపలాదారులుగా, సఫారీల్లో దారి చూపేవారుగా కొందరికి పని దొరికింది. రహదారి వెంట ఆగే చోట్ల అడవిని వివరించే పని, చెత్త ఏరివేత, తేనె, అటవీ ఉత్పత్తుల అమ్మకం వారి సంఘాలకే అప్పగిస్తే ఉపాధి పెరుగుతుంది. రోడ్డుపై వాహనాలు ఎంత వేగంగా పోతే వారికి ఒరిగేది అంత తక్కువ. వాహనం ఆగితేనే తేనె సీసా అమ్ముడవుతుంది. వేగం తగ్గించడం అడవికే కాదు, పెంటలోని పొయ్యికీ మేలే.

చేయవలసింది ఇది

ఖర్చు తక్కువైన మార్గాలు చేతిలోనే ఉన్నాయి. మన్ననూర్‌లో లోపలికి వచ్చిన ప్రతి వాహనానికీ సమయం ముద్రించిన చీటీ ఇచ్చి, అవతలి గేటు వద్ద సరిచూడాలి. దూరాన్ని బట్టి ఉండవలసిన సమయం కంటే ముందే చేరిన వాహనానికి అక్కడికక్కడే జరిమానా వేయాలి. దోర్నాల, శిఖరం వైపూ ఇదే పద్ధతి అమలు కావాలి. వేగంగా పోయి ప్రయోజనం లేదని తెలిసిన రోజున డ్రైవరే నెమ్మదిస్తాడు.

అడవి మొత్తాన్ని దాటేందుకు పట్టే సమయం మిగలని వాహనాలను రాత్రి 9 గంటల దాకా కాక అంతకు ముందే గేటు వద్ద నిలపాలి. అప్పుడు చివరి నిమిషపు పరుగు ఉండదు. ఆగిన వారికి మన్ననూర్‌లోనూ, దోర్నాలలోనూ తక్కువ ధరకు బస, మరుగుదొడ్లు కల్పించాలి. జంతువులు తరచుగా దాటే చోట్లను గుర్తించి అక్కడ వేగ నిరోధకాలు వేయాలి. గుర్తుపట్టే పని చెంచులకు అప్పగిస్తే నెల రోజుల్లో పూర్తవుతుంది. రెండు రాష్ట్రాల అటవీశాఖలు ఒకే నిబంధన, ఒకే జరిమానా పాటించాలి. నది దాటగానే చట్టం మారితే ప్రయాణికుడు దేనినీ లెక్కచేయడు.

ప్రయాణికుల వంతు కూడా తక్కువేమీ కాదు. 40 కిలోమీటర్లకు మించని వేగం, మోగించని హారన్, కట్టేసిన పాట, విసరని తిండి, వెంట తెచ్చుకున్న చెత్త వెంటనే తీసుకుపోవడం... ఈ అయిదూ పాటిస్తే చాలు. పులి కనిపించకపోవచ్చు. కాని దారి పక్కన తలెత్తి చూసే దుప్పుల మంద, తెల్లవారుజామున రోడ్డు దాటే నెమలి, లోయలో మెరిసే కృష్ణమ్మ కనిపిస్తాయి. మల్లన్న దర్శనానికి అరగంట ఆలస్యంగా చేరినా స్వామి ఏమీ అనుకోడు. అరగంట ముందు చేరాలన్న తొందరలో చక్రాల కింద నలిగిన జీవి మాత్రం తిరిగి రాదు. రెండు రాష్ట్రాల అధికారులు వచ్చే శివరాత్రి రద్దీకి ముందే ఈ దిశగా కదలవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.